గ్యాస్ పారే కాలువ

మెదక్ వెళ్లినవాళ్లు చర్చి చూస్తారు, ఖిల్లా ఎక్కుతారు, వీలుంటే ఏడుపాయల అమ్మవారిని దర్శించుకుని వస్తారు. ఇంట్లో చేపల తొట్టె, అందులో పచ్చటి మొక్కలు ఉన్నవాళ్లు మాత్రం గుడికి దగ్గర్లోనే ఉన్న ఘనపురం ఆనకట్ట దగ్గర ఇంకాసేపు ఆగాలి.

మంజీర మీద 1905లో కట్టిన ఈ ఆనకట్ట నుంచి మహబూబ్ నహర్, ఫతే నహర్ అని రెండు కాలువలు బయల్దేరతాయి. తూము దగ్గర నీళ్లు ఎంత ఉరకలేసినా, దారిలో గట్టు గుల్లగా ఉంటే చివరి మడికి చేరేది కొంతే. ఆయకట్టు రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. తొట్టెలో మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ మోసే సన్నటి గొట్టమూ అచ్చం అలాంటి కాలువే!

నీళ్లలో మొక్కకు గ్యాస్ ఎందుకంటారా? గాలిలోకంటే నీళ్లలో ఈ వాయువు దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. చెరువులో అయితే అడుగు బురదలో ఆకూ అలమూ కుళ్లి ఎంతోకొంత అందిస్తాయి. కడిగిన ఇసుక పోసిన గాజు తొట్టెలో ఆ బురద ఎక్కడిది? అందుకే సిలిండరు, రెగ్యులేటరు, గొట్టం. మొదటి రెండింటికీ వేలు పోసినవాళ్లు, గొట్టం దగ్గరికొచ్చేసరికి చేతికందింది తగిలిస్తారు.

ఆ చేతికందేది చాలాసార్లు సిలికాన్ గొట్టం. గాలి పంపుకు వాడేది. మెత్తన, ఎటు వంచితే అటు వంగుతుంది, ఎక్కడా చిల్లు కనిపించదు. కానీ కార్బన్ డయాక్సైడ్ దాని గోడల గుండానే మెల్లగా జారుకుంటుంది. సబ్బునీళ్లు రాస్తే అతుకుల దగ్గర లీకు బుడగలై బయటపడుతుంది గానీ ఈ ఊట దొరకదు. పైగా బుడగలు లెక్కపెట్టే గాజు బుడ్డి సిలిండరు పక్కనే ఉంటే, అది చెప్పేది తూము దగ్గరి లెక్క. చివరి మడి లెక్క కాదు.

పీవీసీ నయం, చవక కూడా. ఏళ్లు గడిచేకొద్దీ బిరుసెక్కి బిగించిన చోట పగులుతుంది. నా ఓటు పాలీయురేథేన్‌కే. ఫ్యాక్టరీల్లో గాలి ఒత్తిడితో నడిచే యంత్రాలకు వాడే గొట్టమే ఇది. 2016 దాకా మెదక్ జిల్లాలోనే ఉన్న పటాన్‌చెరు కార్ఖానాల్లో పనిచేసినవాళ్లు చూడగానే గుర్తుపడతారు. అక్వేరియం దుకాణంలో లేకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో యంత్రసామగ్రి అమ్మేచోట అడగండి. బయట 6, లోపల 4 మిల్లీమీటర్లది ఎక్కువ వాడకంలో ఉంది. బ్లేడుతో తిన్నగా కోయండి, అవసరమైనంత పొడవే ఉంచండి. నీళ్లు వెనక్కి పాకి రెగ్యులేటరును పాడుచేయకుండా దారిలో ఒక చెక్ వాల్వు తప్పనిసరి.

గొట్టం మార్చిన రోజే అసలు ప్రమాదం. పాత గొట్టంలో పోయేదానికి సరిపడా ఇన్నాళ్లూ గ్యాస్ ఎక్కువ తిప్పి ఉంటారు. అదే మోతాదు కొత్త గొట్టంలో వదిలితే చేపల ప్రాణం మీదికొస్తుంది. బాగా తగ్గించి, రోజుకింత పెంచుకోండి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే వెంటనే గ్యాస్ కట్టేసి గాలి పంపు వేయండి.

1924లో ప్రారంభమైన మెదక్ చర్చిలో రంగు గాజు కిటికీల బొమ్మలు పగటి వెలుగులోనే కనిపిస్తాయి. మొక్కలూ వెలుతురున్నప్పుడే ఈ గ్యాస్ తీసుకుంటాయి. కాబట్టి తొట్టె లైటు ఆర్పేముందే సిలిండరు కట్టేయాలి.

అంతా కుదిరితే ఆకుల మీద ఆక్సిజన్ ముత్యాల్లా అంటుకుంటుంది. పోచారం వైపు వెళ్తే, ఎండ బాగా కాసిన వేళ ఒడ్డున నిలబడి నీట మునిగిన నాచు మొక్కల మీద వెతకండి. పీక్కుని మాత్రం తేకండి, అది అభయారణ్యం.