ఇమ్మీడియట్ జాయినర్

జనవరి ఆఖరులో మీటింగ్ అని పిలిచి, ప్రాజెక్టు మూసేస్తున్నామన్నారు. సాయంత్రానికల్లా లాప్‌టాప్, ఐడీ కార్డు అప్పగించేశాను. మాన్యువల్ టెస్టింగ్‌లో పదకొండేళ్ల అనుభవం నాది. వయసు ముప్పై ఎనిమిది. నిజాంపేటలో ఫ్లాటు కొనుక్కున్నాం. మా ఆయన జీతంతో ఇల్లు గడుస్తుంది, ఈఎంఐ గడవదు.

మొదట్లో అంత భయం లేదు. రెండు నెలల జీతం ఇచ్చి పంపారు, ఆలోపు ఏదో ఒకటి దొరక్కపోతుందా అనుకున్నాను. నౌక్రీలో పాత ప్రొఫైల్ సరిచేశాను. లింక్డ్‌ఇన్, ఇండీడ్‌లలో రోజూ అప్లై చేసేదాన్ని. ఎక్కడికెళ్లినా అవే గళ్లు: ప్రస్తుత జీతం, ఆశిస్తున్న జీతం, నోటీస్ పీరియడ్. ప్రస్తుత జీతం దగ్గర చెయ్యి ఆగిపోయేది. సున్నా వెయ్యాలా, పాతది వెయ్యాలా? పాతదే వేశాను. రెజ్యూమె పైన 'ఇమ్మీడియట్ జాయినర్' అని పెట్టుకున్నాను. ఉద్యోగం పోయిందని చెప్పడానికి అదొక మర్యాద.

ఫిబ్రవరి అలాగే గడిచింది. కంపెనీల నుంచి జవాబే లేదు. కాదని చెప్పినా బావుండేది. రాత్రి రెండింటికి మెలకువొస్తే ఫోన్ తీసి మెయిల్ చూసుకునేదాన్ని. అప్పుడప్పుడు కన్సల్టెన్సీల నుంచి ఫోన్లొచ్చేవి. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఆటోమేషన్ వచ్చా మేడమ్? సెలీనియం?" రాదంటే "మళ్లీ చేస్తాం" అని పెట్టేసేవాళ్లు.

ఇంట్లో అత్తయ్యకి వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెప్పాం. తలుపేసుకుని కూర్చునేదాన్ని. మీటింగులో ఉన్నాననుకుని ఆవిడ మజ్జిగ గ్లాసు గుమ్మం దగ్గర పెట్టి, చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయేది. ఆ గ్లాసు తీసుకోవాలంటే సిగ్గేసేది. ఉగాది ముందు ఈఎంఐకి డబ్బు సరిపోక నిజం చెప్పాల్సొచ్చింది.

"మరి ఇన్నాళ్లూ తలుపేసుకుని ఏం చేశావమ్మా?"

"ఉద్యోగం వెతుక్కుంటున్నా అత్తయ్యా."

"దానికి తలుపెందుకు?" అంది. మర్నాడు తన గాజులు మా ఆయన చేతికిచ్చి బ్యాంకుకి పంపింది. మూడు నెలల ఈఎంఐలు ఆ గోల్డ్ లోనుతోనే కట్టాం.

ఉగాది వెళ్లాక వాట్సాప్‌లో ఒకాయన పలకరించాడు. నా రెజ్యూమె చూశానన్నాడు. నేను చేసిన ప్రాజెక్టుల పేర్లన్నీ చెప్పాడు. పెద్ద కంపెనీ పేరు, తియ్యటి తెలుగు. ఫోన్లోనే పది నిమిషాల ఇంటర్వ్యూ. మర్నాడు పొద్దున్నే "కంగ్రాట్యులేషన్స్ మేడమ్" అంటూ ఆఫర్ లెటర్ వచ్చింది. పాత జీతం కన్నా ఎక్కువే రాశారు. కింద చిన్నక్షరాల్లో, వెరిఫికేషన్‌కి, లాప్‌టాప్ డిపాజిట్‌కి కలిపి ఎనిమిదిన్నర వేలు, మొదటి జీతంతో తిరిగిచ్చేస్తామని ఉంది. సాయంత్రంలోగా కట్టకపోతే లిస్టులో తర్వాతివాళ్లకి వెళ్లిపోతుందన్నాడు.

నేను టెస్టర్ని. తప్పులు పట్టుకోవడమే నా పని. లెటర్లో కంపెనీ పేరులో ఒక అక్షరం ఎక్కువుంది. మెయిల్ జీమెయిల్ నుంచి వచ్చింది. డబ్బు వెయ్యమన్న యూపీఐ ఎవరో మనిషి పేరు మీదుంది. అన్నీ చూశాను. చూసి కూడా ఫోన్‌పే తెరిచాను. మోసమని అర్థమవుతూనే ఉంది. కాకపోతే బావుణ్ణన్న ఆశతో కట్టబోయాను. రెండు నెలల్లో నన్ను కావాలన్నవాడు వాడొక్కడే.

పాత టీంలో నా దగ్గర పనిచేసిన నల్గొండ కుర్రాడికి అంతకుముందే ఆ లెటర్ పంపాను. సలహా కోసం కాదు, గొప్ప చెప్పుకుందామని. పిన్ కొట్టేలోపు వాడి ఫోన్.

"అక్కా, కట్టావా?"

"లేదు."

"ఫోన్ పెట్టకు."

మియాపూర్‌లో రోడ్డు పక్కన బండి ఆపుకుని, ఆ ఎండలో నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. మొదట వాడి మీద కోపమొచ్చింది, తర్వాత ఏడ్చాను. ఆ నంబరు వాడే బ్లాక్ చేయించాడు. సైబర్‌క్రైమ్ పోర్టల్ తెరిపించి ఫిర్యాదు రాయించాడు. డబ్బు కట్టేసినవాళ్లయితే క్షణం ఆగకుండా సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఆ సొమ్ము ఖాతాలు మారిపోయేలోపు చెప్తే బ్యాంకులు ఆపగలుగుతాయి. సిగ్గుతో ఒక పూట ఆలస్యం చేస్తే అది మోసగాళ్లకే లాభం.

మే నెలలో ఫోన్ చేసిన కన్సల్టెన్సీ అమ్మాయి వెంటనే పెట్టెయ్యలేదు. ఆ అమ్మాయికి రుణపడి ఉన్నాను. రిక్రూటర్లు ఈమధ్య యాక్టివ్‌గా ఉన్న ప్రొఫైళ్లనే ఫిల్టర్ పెట్టి చూస్తారట. అందుకే పొద్దున్నే ఏదో ఒక మాట మార్చి సేవ్ చెయ్యమంది. రెజ్యూమెలో ఫొటో, రెండు నిలువు వరుసల డిజైన్ తీసేసి మామూలు వర్డ్ ఫైల్ పెట్టమంది. ఆ డిజైన్ కోసం నేను డబ్బులిచ్చాను. రిక్రూటర్ల సాఫ్ట్‌వేర్ దాన్ని సరిగా చదవలేక అనుభవం గడి ఖాళీగా చూపిస్తోందని ఆ అమ్మాయి చెప్పేదాకా తెలియదు.

నల్గొండ కుర్రాడు రాత్రిళ్లు సెలీనియం నేర్పాడు. నాకన్నా తొమ్మిదేళ్లు చిన్నవాడు. అర్థంకాక మళ్లీ మళ్లీ అడిగేదాన్ని, విసుక్కోలేదు. అయినా మొదటి ఇంటర్వ్యూలో స్క్రీన్ షేర్ చెయ్యమనగానే బుర్ర ఖాళీ అయిపోయింది. నాలుగు లైన్ల కోడ్ రాయలేకపోయాను. నెట్ పోయిందని కాల్ కట్ చేశాను.

జులైలో దొరికింది. కాంట్రాక్టు మీద, పాత జీతం కన్నా తక్కువకి. గాజులింకా విడిపించలేదు. కాంట్రాక్టు మార్చితో అయిపోతుంది, పొడిగిస్తారో లేదో ఎవరూ చెప్పరు. అందుకే ప్రతి సోమవారం ఆఫీసుకి బయల్దేరేముందు ప్రొఫైల్లో ఒక మాట మార్చి సేవ్ చేస్తున్నాను. అత్తయ్యకి తెలుసు.