పడినా చెప్పని పెద్దవాళ్లు

పెద్దవాళ్లు ఇంట్లో కాలు జారి పడితే ఆ సంగతి మనకి వెంటనే చెప్పరు. మా అత్తయ్యగారికి 78 ఏళ్లు. పోయిన నెల మోచెయ్యి కమిలి ఉంటే, "తలుపు తగిలిందిలే" అన్నారు. బాత్రూంలో పడ్డారని రెండు రోజుల తర్వాత తెలిసింది. "చెబితే ఇక నన్ను మంచం దిగనివ్వరుగా!" అన్నారు.

ఆవిడ భయం నిజమే. "ఓ మూల కూర్చోండి" అని కట్టడి చేస్తే మళ్లీ పడినా దాచేస్తారు. పైగా కదలకపోతే కాళ్లలో సత్తువ తగ్గి, పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

అందుకే ఆవిడ పనులు ఆవిడకే వదిలేసి, ఇంటిని సర్దాం. బాత్రూం గోడకి పట్టుకోవడానికి గట్టి స్టీలు రాడ్ బిగించాం. తువ్వాలు ఆరేసే రాడ్ మనిషి బరువు ఆపదు. స్నానానికి కుర్చీ వేశాం. జారే పట్టాలు తీసేశాం. రాత్రంతా చిన్న బల్బు వెలుగుతుంది. ఒక్కసారిగా లేస్తే బీపీ తగ్గి కళ్లు తిరగొచ్చు కాబట్టి, కాసేపు మంచం అంచున కూర్చుని లేస్తున్నారు. మందులన్నీ డాక్టరుకి చూపించాం. బీపీ, నిద్ర మాత్రలతో కొందరికి తూలు వస్తుంది.

మీరూ మీ ఇంట్లో పెద్దవాళ్లని కోప్పడకుండా అడగండి, "నడవడానికి ఎక్కడ భయమేస్తోంది?" అని. మా అత్తయ్యగారు పెరటి గడప అన్నారు. మసక వెలుతురులో అది కనబడదట. మాలో ఒక్కరికీ తట్టలేదు! మర్నాడే దానికి పసుపు రంగు వేయించాం.