ఎవరి హయాం, ఎవరి లెక్క

మే 10, 2025, శనివారం

పొద్దున్నే వెస్ట్ మాంబళం టీకొట్టు. ముందు వేలాడే తమిళ పేపర్ల పోస్టర్లలో పాకిస్తాన్‌తో యుద్ధం తప్ప ఇంకో మాట లేదు. మొన్న రాత్రి టీవీలో కరాచీ రేవు కాలి బూడిదైంది; తెల్లారి చూస్తే ఎక్కడిదక్కడే ఉంది. ఆ గోలలో సరిహద్దు ఊరు పూంచ్ ఊసు వినబడిందెంత? 7వ తేదీన అవతలి నుంచి పడ్డ గుండ్లకు అక్కడ డజను మందికి పైగా మామూలు జనం, చిన్నపిల్లలతో సహా పోయారు. సాయంత్రానికి కాల్పుల విరమణ అన్నారు. స్టూడియోలవాళ్ల మొహాలు చూడాలి, పెళ్లి మధ్యలో ఆగిపోయినట్టు.

మే 11

సరిహద్దు కాల్పుల్లో పోయిన కల్లితండా జవాను అంత్యక్రియలు. తెలుగు పేపర్లలో పేజీలకు పేజీలు. టీకొట్టు తమిళ పేపర్లో లోపలెక్కడో రెండు పేరాలు. 2020 జూన్‌లో గల్వాన్‌లో చైనాతో ఘర్షణ అప్పుడూ ఇంతే. తెలుగువాళ్లకు సూర్యాపేట కర్నల్ సంతోష్‌బాబు, ఇక్కడివాళ్లకు రామనాథపురం హవల్దార్ పళని. ఊరివాడు పోతే ఊరు ఏడుస్తుంది. దాన్ని పక్షపాతం అనడానికి నాకు నోరు రాదు. గద్దె మీద ఎవరున్నారో చూసుకుని ఏడుపు స్థాయి పెంచడం, తగ్గించడం ఉంది చూశారా, అదీ నాకు మింగుడుపడనిది.

గల్వాన్‌లో పోయింది ముగ్గురని ముందు చెప్పి, రాత్రికి 20 మంది అన్నారు. చైనా తనవాళ్లు నలుగురని ఒప్పుకోవడానికి ఎనిమిది నెలలు తీసుకుంది.

మే 14

పాకిస్తాన్ తన సైనికులు 11 మందే పోయారని నిన్న ప్రకటించింది. మన సైనిక కార్యకలాపాల అధిపతి (డీజీఎంఓ) 11వ తేదీన చెప్పింది 35 నుంచి 40. ఒకే యుద్ధం, రెండు లెక్కలు. ఇక్కడ వింతేమీ లేదు, ఏ యుద్ధంలోనైనా ఇంతే. కాకపోతే ప్రభుత్వం చెప్పిన అంకెకు ముందు 'ప్రభుత్వం చెప్పిన ప్రకారం' అన్న మాట ఏ పేపరు పెడుతుంది, ఏది పెట్టదు అని ఎర్ర పెన్సిలుతో గీతలు కొడుతూ కూర్చున్నాను. ఇంట్లోవాళ్లకు నా మీద అనుమానం మొదలైంది.

మే 15

మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పెద్దాయనది వేలూరు పక్క పల్లె, ఇంటికో సిపాయి ఉన్న ఊరు. భారత శాంతిసేనతో శ్రీలంకలోని జాఫ్నా వెళ్లి వచ్చినవాడు. దినతంతి మడిచి పక్కన పెట్టి అన్నాడు: "ఇప్పుడు పోయినవాళ్ల ఫోటోలు వేస్తున్నారు సార్. మంచిదే. మావాళ్లవి ఎవరు వేశారు?"

కోపంగా అనలేదు. నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందని అడిగినంత మామూలుగా అన్నాడు.

1987 అక్టోబరు 11 రాత్రి జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు 30 మంది. 29 మంది చనిపోయారు, ఒకడు బందీ. మూడేళ్లు తిరక్కుండానే పోయినవాళ్లు 1,100 దాటారు. చాలామందికి అంత్యక్రియలు అక్కడే. కార్గిల్‌లో 527 మంది; శవపేటికలు సొంతూళ్లకు వచ్చాయి, వెంట కెమెరాలూ వచ్చాయి. రాజీవ్ హయాంలో దాచిన చావులను వాజ్‌పేయి హయాంలో ఊరేగించారని మా గుంటూరు బావ వాదన. సగం నిజం. 1987లో ఇంటింటా ఉన్నది దూరదర్శన్ ఒక్కటే, అదీ సర్కారుదే. 1999 నాటికి ప్రైవేటు చానళ్లు వచ్చాయి. పైగా కార్గిల్ మన నేల. జాఫ్నాలో మనవాళ్లు ఎందుకు చస్తున్నారో చెప్పడం అప్పటి మంత్రులకే కష్టమైంది.

1990 మార్చిలో చివరి ఓడలు మద్రాసు హార్బర్‌కు వచ్చాయి. తమిళులను చంపిన సైన్యానికి స్వాగతం చెప్పనని ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. "బ్యాండు వాయించారు సార్" అన్నాడు పెద్దాయన. అంతకు మించి ఆ రోజు గురించి మాట్లాడలేదు.

మే 16

నిన్నటిదానికి కొసరు. 1989 ఆగస్టులో వల్వెట్టిత్తురైలో మన సైన్యం చేతిలో 50 మందికి పైగా పౌరులు చనిపోయారు. వియత్నాంలో అమెరికా చేసిన మై లై మారణకాండతో దాన్ని పోల్చి నిలదీసినవాడు జార్జ్ ఫెర్నాండెజ్. పదేళ్లకు కార్గిల్ యుద్ధం వచ్చేసరికి రక్షణ మంత్రీ ఆయనే. పేపర్లను ఏమంటాం?

మే 18, ఆదివారం

ముళ్లివాయ్‌క్కాల్ రోజు. శ్రీలంక సైన్యం, తమిళ పులుల యుద్ధం అక్కడ ముగిసి 16 ఏళ్లు.

2009 మొదటి ఐదు నెలలు ఈ ఊళ్లో టీవీ చూడ్డమంటే పార్టీ ఆఫీసులో కూర్చోవడమే. ఢిల్లీలో డీఎంకే భాగస్వామి. కలైంజర్ టీవీలో ఈళం ఏడుపుకు ఒక హద్దు ఉండేది. మక్కళ్ టీవీ పీఎంకేది. ఆ పార్టీ నేత రామదాసు మార్చిలో కూటమి మారాడు. జయ టీవీ సంగతి చెప్పనక్కర్లేదు. యుద్ధమన్నాక పౌరులు చావడం మామూలే అన్న అర్థంలో మాట్లాడిన జయలలిత మార్చి 9న నిరాహారదీక్ష చేసింది, ఏప్రిల్‌లో ప్రత్యేక ఈళమే దారి అంది. ఏప్రిల్ 27న కరుణానిధి మెరీనాలో అన్నా సమాధి దగ్గర దీక్షకు కూర్చున్నారు. పెద్ద ఆయుధాలు వాడబోమని కొలంబో ప్రకటించిందని మధ్యాహ్నానికి లేచారు. గుండ్లు ఇంకా పడుతున్నాయే అంటే, వాన వెలిసినా తుంపర ఆగలేదన్న తమిళ సామెత చెప్పారు. ఆ తుంపరలో ఎందరు పోయారో ఆ వారం ఏ చానలూ చెప్పలేదు, చెప్పగలిగే స్థితిలోనూ లేదు. విలేకరులను లోపలికి పోనిస్తే కదా! శ్రీలంక ప్రభుత్వం పౌరులెవరూ చావకుండా పోరాడుతున్నామంది. ఐక్యరాజ్యసమితి కొలంబో సిబ్బంది లెక్క 7,000 దాటింది, దాన్ని వాళ్లూ అధికారికంగా బయటపెట్టలేదు. 2011లో వాళ్ల నిపుణుల సంఘమే 40,000 దాకా ఉండొచ్చంది. 2012 నాటి అంతర్గత సమీక్ష 70,000 మాట ఎత్తింది.

మే 13న ఇక్కడ పోలింగ్. 16న ఫలితాలు. డీఎంకే కూటమికి 39లో 27. మర్నాడో ఎల్లుండో అక్కడ అంతా అయిపోయింది.

'ది హిందూ' మీద ఇప్పటికీ చాలామందికి మంట. ఎన్. రామ్ ఆ జూలైలో వవునియా శిబిరాలు చూసి వచ్చి రాసిన వ్యాసం శీర్షికలో ఆ అనుభవం మనసును ఉప్పొంగించిందన్నారు. ముళ్లకంచె వెనక లక్షల మంది ఉన్న చోటు అది. ఆ పేపరును ఏళ్ల తరబడి అభిమానంతో చదివినవాణ్ని. ఆ శీర్షికను మాత్రం వెనకేసుకు రాలేను. అయితే తిట్టేవాళ్లు కూడా పులుల చేతిలో పోయినవాళ్లను, పులులు బలవంతంగా నిలిపి ఉంచిన జనాన్ని లెక్కలో కలపరు. వాళ్ల ఖాతా పుస్తకంలోనూ ఆ పేజీ చింపేసి ఉంటుంది.

మే 20

చావుల అంకెల మాట అనుకుంటుంటే 1942 గుర్తొచ్చింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు. పోయినవాళ్లు కొద్దిమందే. వారం తిరక్కుండా మద్రాసు సగం ఖాళీ. సెన్సారు ఉన్న రోజుల్లో అచ్చయిన అంకెను ఎవరూ నమ్మరు, నోటిమాట రైలెక్కి ఊళ్లు తిరిగొస్తుంది.

జూన్ 1

మనవీ కొన్ని విమానాలు పోయాయని త్రివిధ దళాధిపతి అనిల్ చౌహాన్ నిన్న సింగపూర్‌లో ఒప్పుకున్నారు. ఎన్నో చెప్పలేదు; ఎన్ని పడ్డాయన్నది కాదు, ఎందుకు పడ్డాయన్నదే ముఖ్యమన్నారు. ఒక విదేశీ వార్తాసంస్థకు చెబితే మనకు తెలిసింది.

పొద్దున బావ ఫోను: "ఏం బావా, ఇదే మన్మోహన్ హయాంలో అయితే మీ ఇంగ్లిషు పేపర్లు వారం రోజులు ఉతికి ఆరేసేవి కావూ?" సాయంత్రం ఎదురింటి రిటైర్డ్ బ్యాంకు మేనేజరు మెట్ల దగ్గర ఆపి: "మోదీ కాబట్టి ఊరుకున్నారు సార్, ఇంకొకరైతే ఈపాటికి రాజీనామా." ఇద్దరి ఫిర్యాదూ ఒకటే. ఇద్దర్నీ ఒక చోట కూర్చోబెడితే మాత్రం కొట్టుకుంటారు.

రేపో మాపో ఎగ్మోరు కన్నెమరా లైబ్రరీకి వెళ్లి 1990 మార్చి చివరి వారం పేపర్ల కట్టలు దొరుకుతాయేమో అడగాలి. వాచ్‌మన్ పెద్దాయన తానూ వస్తానంటున్నాడు. తన ఓడ వార్త ఏ పేజీలో పడిందో చూడాలట. డ్యూటీ మార్చమని సెక్రటరీని అడిగిపెట్టాను.