తట్ట దించాక

ఒక గేదె రోజుకి సుమారు పదిహేను కిలోల పేడ వేస్తుంది. అన్నవరం దగ్గర మా మావయ్యకి ఎనిమిది గేదెలు. అంటే రోజుకి 120 కిలోలు, ఏడాదికి 43 టన్నుల పైమాటే. ఫోన్లో లెక్క వేసి చూపిస్తే మావయ్య, "లారీలకి లారీలు తోలినట్టే కదరా!" అన్నాడు. లారీ ఏదీ రాలేదు. ఆ 43 టన్నులూ ఏటేటా ఒక మనిషి తల మీద నించే వెళ్ళాయి.

పాక పని చేసే ఆవిడ నాకు చిన్నప్పట్నించీ తెలుసు. తెల్లారి నాలుగున్నరకి వచ్చేది. పాతచీర పేలికతో చుట్టకుదురు చేసి నెత్తి మీద పెట్టుకుని, దాని మీద తట్ట. తట్టకి ఇరవై కిలోలు అనుకున్నా రోజుకి ఆరు తిరుగుళ్ళు. పాక నించి పెంటకుప్పకి రోజూ, కుప్ప నించి పొలానికి వేసవిలో. వానాకాలంలో తట్టలోంచి కారిన నీళ్ళు మొహం మీదికి దిగుతుంటే ఒక కన్ను మూసుకుని నడిచేది. ఆవిడకి యాభై దాటాయి. మెడ ఎడం పక్కకి తిరగదు.

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాను. ఇంటి నించి పని చేసుకోవచ్చు అన్న రోజుల్లో నాలుగు నెలలు మావయ్యగారింట్లో ఉన్నాను. పేడని నీళ్ళలో కలిపి పైపు ద్వారా పొలానికి పంపే ఏర్పాటు చేద్దామన్న మాట అప్పుడే వచ్చింది. మావయ్య మొదటి ప్రశ్న: "ఎంతవుద్ది?"

న్యాయమైన ప్రశ్నే. పేడ విలువ ఎంతో చూడండి. వెయ్యి కిలోల పచ్చిపేడలో నత్రజని మూడు కిలోల దాకా ఉంటుంది. ఏడాది పేడంతా కలిపితే 130 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు ఇరవై కిలోల నత్రజని ఉంటుంది, బస్తా ధర 266 రూపాయల యాభై పైసలు. అంటే మా 43 టన్నుల పేడ, యూరియా లెక్కలో ఆరు బస్తాలు. పదహారు వందల రూపాయలు. అదీ కుప్పలో ఏమీ పోకపోతే. నిజానికి ఎండకి కొంత అమ్మోనియాగా గాల్లో కలుస్తుంది, వానకి కొంత కారిపోతుంది. పేడ కంటే బలమైన గేదె మూత్రం కాలవలో పడి ఎటో పోతుంది.

పేడలో ఇంకా చాలా ఉన్నాయి. భాస్వరం, పొటాష్, అన్నిటికీ మించి నేలని గుల్ల చేసే సేంద్రియ పదార్థం. కానీ వాటికి బస్తా మీద ధర అచ్చేసి ఉండదు కాబట్టి లెక్కలోకి రావు. పదహారు వందల సరుకు కోసం ఎవరు పైపులు వేస్తారు? యూరియాకి ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది. పేడకి సబ్సిడీ ఆవిడ మెడే.

యూరప్‌లో ఇదే పనికి ట్రాక్టర్ల వెనక పెద్ద ట్యాంకర్లు, నేల మీద పాకే గొట్టాలు ఉంటాయి. వాళ్ళ బాధ వేరు. పశువులెక్కువ, నేల తక్కువ. పేడనీళ్ళు భూగర్భ జలాల్లోకి దిగిపోతుంటే 1991లో యూరోపియన్ యూనియన్ నైట్రేట్ల మీద చట్టం తెచ్చింది. దాని ప్రకారం కాలుష్యం ముప్పున్న ప్రాంతాల్లో హెక్టారుకి పశువుల ఎరువు ద్వారా ఏడాదికి 170 కిలోల నత్రజని మించకూడదు. మా మావయ్యకున్న మూడెకరాలూ హెక్టారు కంటే కాస్త ఎక్కువే. పేడ ఒక్కటే లెక్కేస్తే ఎనిమిది గేదెలు ఆ గీత దాటలేవు. వాళ్ళకి ఎక్కువైంది ఎక్కడ పొయ్యాలన్నది సమస్య, మాకు ఉన్నది పొలం దాకా చేరడం సమస్య.

గోదావరి అనగానే కాలవలూ, చదును చేసినట్టున్న వరిచేలూ గుర్తొస్తాయి. అన్నవరం అలా ఉండదు. ఇది మెట్ట. రత్నగిరి కొండ, కింద పంపా రిజర్వాయరు, చుట్టూ ఎత్తుపల్లాల నేల. కోనసీమలో అయితే పేడనీళ్ళు పారించడానికి మోటారు కావాలి. ఇక్కడ పాక ఎత్తు మీద ఉంది, మళ్ళు పల్లంలో ఉన్నాయి. వాలు ఊరికే దొరికింది.

రెండోది తాతయ్య వదిలి వెళ్ళిన గోబర్ గ్యాస్ గుంత. 1980ల్లో దేశమంతా సబ్సిడీలిచ్చి కట్టించిన రకం, పైన తేలే ఇనపడ్రమ్ముది. డ్రమ్ము తుప్పు పట్టి ఎప్పుడో పాతసామాన్లవాడికి వెళ్ళిపోయింది. ఇటికల గుంత మాత్రం చెక్కుచెదరలేదు. దాని పద్ధతి చాలా తేలిక. ఇటు తొట్టిలో ఎంత పోస్తే అటు గొట్టంలోంచి అంత బయటికొస్తుంది. ఆ బయటికొచ్చే చోట పైపు తగిలిస్తే సగం పని అయినట్టే.

గుంతలో పాత మడ్డి తీయడానికి మనుషుల్ని దింపుదామన్నాడు మేస్త్రి. నేను ససేమిరా అన్నాను. పేడ కుళ్ళిన గుంతలో మీథేన్‌తో పాటు హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉంటుంది. ఎక్కువగా ఉంటే వాసన కూడా తెలియనివ్వదు, రెండు ఊపిరుల్లో మనిషి పడిపోతాడు. ఒకడు పడితే వాణ్ణి తీయడానికి దిగిన రెండోవాడూ పడతాడు. అద్దెకి మడ్డిపంపు తెచ్చి, పైనించే నీళ్ళు కొట్టి తోడించాం. తర్వాత గుంత చుట్టూ నడుమెత్తు గోడ, పైన ఇనపచట్రం.

మిగతాది ఇంతే. పాకలో సిమెంటు గచ్చు, వాలుగా ఒక కాలవ. గడ్డిపరకలు అడ్డుపడకుండా ఇనప జల్లెడ. నాలుగంగుళాల పీవీసీ పైపు గట్టు వెంబడి మళ్ళ దాకా, చివర చుట్ట చుట్టుకునే నీలం రంగు ఫ్లాటు పైపు. పేడకి మూడు నాలుగింతలు నీళ్ళు. అవి ఎలాగూ పాక కడిగే నీళ్ళే. అంతా కలిపి 20 వేల లోపు.

మొదటి నెల నీళ్ళు బాగానే పారాయి. మడి మాత్రం బాగోలేదు. పైపు నోటి దగ్గర సూపర్ నేపియర్ గడ్డి నల్లగా, ఏపుగా పెరిగి వాలిపోయింది. పది గజాల అవతల పాలిపోయి ఉంది. వరి వేశాక ఇలాగే అయితే నోటి దగ్గర దోమపోటు, అగ్గితెగులు ఖాయం. నేను యూట్యూబ్ వీడియోలు చూస్తున్నాను, చిల్లులు పెట్టిన పైపు ఎంతవుతుందా అని. ఆవిడ గట్టు మీద నిలబడి కాసేపు చూసి అంది:

"కళ్ళాపి ఒక్క చోటే పోత్తామా బాబూ?"

పేడని ఎంత పల్చగా కలపాలో, ముద్ద కట్టకుండా ఎలా పరచాలో ముగ్గేసే ప్రతి వాకిట్లో ఎవరో ఒకావిడకి తెలుసు. ఆవిడ ఫ్లాటు పైపు నోరు రోజుకో గట్టుకి మార్చింది. వదిలే ముందు పొడుగాటి వెదురుతో పైనించే కలియబెట్టింది. పొద్దున ఎండలో కాకుండా సాయంత్రం వదలమంది. "ఎండలో పోత్తే గాటెక్కిపోద్ది" అని ఆవిడ మాట. అమ్మోనియా ఎగిరిపోతుంది అని నా మాట. కూరమళ్ళకి మాత్రం వద్దంది, ఆకు మీద పడితే కడిగినా పోదని. నెలన్నరలో గడ్డి మడి ఒకే రంగుకి వచ్చింది.

కానీ పైపు బిగించిన రోజే ఆవిడ ఇంకో ప్రశ్న అడిగింది. "గొట్టం వొచ్చేసింది. మరి నాకు పనేటుంటది?"

వెంటనే ఎవరూ జవాబు చెప్పలేదు. అత్తయ్య కాఫీగ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. అప్పటిదాకా నేను వేసిన లెక్కలన్నిట్లో నత్రజని ఉంది, నీళ్ళున్నాయి, వాలు ఉంది. తట్ట మోసినందుకు ఇచ్చే జీతం తట్ట దించాక ఏమవుతుందన్న గడి లేదు. తక్కువ ఖర్చు అనే మాట విన్నప్పుడల్లా ఆ గడి ఎక్కడుందా అని ఇప్పుడు వెతుక్కుంటున్నాను. ఊళ్ళోకి వరికోత మిషన్లు వచ్చినప్పుడూ ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడిగే ఉంటారు. కోత ఎంత త్వరగా అయిందో అందరూ చెబుతారు, ఈ ప్రశ్న సంగతి ఎవరూ చెప్పరు.

మావయ్య చెడ్డవాడు కాదు, లెక్కలవాడు. రెండ్రోజులు ఆలోచించి, పైపు మార్చడం, గడ్డి కోయడం, పాక కడగడం ఆవిడకే అప్పజెప్పాడు. జీతం తగ్గించలేదు. పెంచనూ లేదు. "పని తేలికైంది కదా" అన్నాడు. పైపు వాడడం వచ్చింది కాబట్టి పెంచాలని అత్తయ్య అంది. ఆ వాదన ఇంకా తేలలేదు. పండక్కి వెళ్ళినప్పుడు ఆవిడ కూడా నన్ను నిలబెట్టి అదే అడిగింది, మీ మావయ్యగారికి కాస్త చెప్పమని. చెప్పాను. చూద్దాం అన్నాడు. ఆవిడ నెలకి ఐదొందలు ఎక్కువ అడుగుతోంది.