అంబాసిడర్ అంత గట్టిదా?

రండి, ఇలా మంటకు దగ్గరగా కూర్చోండి. సంక్రాంతి ముందు చలి కదా, ఎముకల్లోకి దిగుతోంది. నిన్న రాత్రి ఇక్కడే కూర్చుని మా బాబాయి ఓ మాటన్నాడు. "ఇప్పటివన్నీ రేకు డబ్బాలురా! మా అంబాసిడర్ గోడకు గుద్దితే గోడే కూలేది." చుట్టూ ఉన్నవాళ్ళంతా తలూపారు. మీరూ ఈ మాట వినే ఉంటారు, ఎప్పుడో ఒకప్పుడు అనే ఉంటారు. ఇంటికెళ్ళి పడుకున్నాక కూడా అది నన్ను వదల్లేదు. ఇందులో నిజమెంతో మీతో చెప్పుకోవాలనిపించింది.

ముందు అంబాసిడర్ సంగతే చూద్దాం. దాని పుట్టిల్లు ఇంగ్లండు. అక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారునే బెంగాల్లోని ఉత్తర్‌పారాలో హిందూస్థాన్ మోటార్స్ వాళ్ళు 1957లో అంబాసిడర్ పేరుతో చేయడం మొదలుపెట్టారు. 2014 మే నెలలో ఆపారు. ఇన్నేళ్ళలో ముందు జాలీ మారింది, ఇంజన్లు మారాయి. గుండ్రటి ఆ ఒళ్ళు మాత్రం దాదాపు అలాగే ఉండిపోయింది. అందువల్ల ఎంత మేలో చూడండి. ఒక ఏటి బండి సామాను చాలావరకు ఇంకో ఏటి బండికి పట్టేది. విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే దొరకని ముక్క ఉండేది కాదు.

బాబాయి 1980లో కొన్న ఆ బండిని అద్దెకు తిప్పేవాడు. శీతాకాలం పొద్దున చోక్ లాగి, రెండు మూడుసార్లు సెల్ఫ్ కొడితేగానీ అందుకునేది కాదు. వారం పది రోజులకోసారి డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లు గరుకు కాగితంతో రుద్దేవాడు. ముందు చక్రాల కీళ్ళకు గ్రీజు కొట్టించకపోతే స్టీరింగ్ బిగుసుకునేది. ఘాట్ రోడ్డెక్కితే రేడియేటర్లో నీళ్ళు మరిగేవి. సైలెన్సర్ నుంచి నీలం పొగ మొదలైందంటే రింగులు అరిగినట్టే. ఇంజన్ దించి, లేత్ షాపులో సిలిండర్లు బోరింగ్ చేయించి, కాస్త పెద్ద సైజు పిస్టన్లు వేసి, మళ్ళీ ఎక్కించేవారు. ఇరవై ఏళ్ళలో అలా మూడుసార్లు ఇంజన్ దిగింది. వానాకాలం వానాకాలానికీ అడుగురేకు తుప్పు తినేది. టింకరింగ్ చేసే ఆయన కోసి, కొత్త ముక్క అతికేవాడు.

అయితే అంబాసిడర్ గట్టిదన్న బాబాయి మాట అబద్ధమా అంటే, పూర్తిగా కాదండీ. ఆ బండి ఇరవై ఏళ్ళు నడిచిన మాట నిజం. పాడవకుండా నడవలేదు, పాడైన ప్రతిసారీ బాగుపడి నడిచింది. ఈ రెంటికీ చాలా తేడా ఉంది.

ఆనాటి చాలా కార్ల మీటర్లలో కిలోమీటర్లకు ఐదు అంకెలే ఉండేవి. లక్ష దాటగానే మళ్ళీ సున్నాలు. లక్ష కిలోమీటర్లంటే అప్పట్లో ఒక జన్మ. ఇప్పుడు వేళకు ఆయిల్ మారుస్తూ వచ్చిన మామూలు చిన్న కారు కూడా ఇంజన్ విప్పకుండానే లక్ష దాటేస్తోంది. పాయింట్లు లేవు, కార్బురేటర్ లేదు. ఎంత పెట్రోలు చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడు వేయాలో లోపలి కంప్యూటరే చూసుకుంటుంది. రేకుకు జింకు పూత ఉంటుంది కాబట్టి తుప్పూ తగ్గింది.

ఇక ఆ గోడ కూలే మాట. అమెరికాలో బీమా కంపెనీలు నడిపే రహదారి భద్రతా సంస్థ ఒకటుంది. 2009లో తన యాభయ్యో ఏట 1959 నాటి షెవ్రొలే బెల్ ఎయిర్‌నూ, 2009 నాటి షెవ్రొలే మాలిబూనూ ఎదురెదురుగా గుద్దించింది. రెండూ గంటకు 64 కిలోమీటర్ల వేగంతో వచ్చాయి. ఆ పాత కారు ఎంత భారీగా ఉంటుందో ఫొటోల్లో చూసే ఉంటారు. గుద్దగానే దాని స్టీరింగ్ డ్రైవరు బొమ్మ మీదికి దూసుకొచ్చింది. అక్కడ మనిషే ఉంటే బతికేవాడు కాదు. మాలిబూ ముందు భాగం నుజ్జయింది, లోపలి బొమ్మకు తగిలింది కాలి దెబ్బే. కొత్త కారు ముందు భాగాన్ని నలగడానికే కడతారు. ఆ దెబ్బను అది మింగితే మనిషి మిగులుతాడు. రేకు మందం చూసి ధైర్యం తెచ్చుకోవద్దని బాబాయికి కూడా ఈ సంగతే చెప్పబోతున్నాను.

కొత్తవాటిలో నాకు బాధ కలిగించేది వేరే ఉంది. తెలిసినవారి పన్నెండేళ్ళ కారులో అరచేతిలో పట్టే ఎలక్ట్రానిక్ పెట్టె ఒకటి పాడైంది. ఆ సామాను ఇక రాదన్నారు. ఇంజన్ నిక్షేపంలా ఉంది, కారు మాత్రం ఇంటి ముందు కదలకుండా పడి ఉంది. అంబాసిడర్‌కు ఈ గతి పట్టేది కాదు. తయారుచేసినవాడు వదిలేసినా దాన్ని ఆటోనగర్ వదల్లేదు. కారు అమ్మినవాళ్ళు ఏళ్ళ తరబడి సామాను ఇవ్వాలి, బాగుచేసే వివరాలు బయటి మెకానిక్కులకూ అందాలి. కొనేవాళ్ళం మనం గట్టిగా అడగాల్సింది ఇదే.

మంట ఆరేలోగా ఇంకో రెండు కార్ల కథ చెబుతాను. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో అర్వ్ గోర్డన్ అనే సైన్సు మాస్టారు 1966లో వోల్వో పి1800 కొన్నారు. 2013లో అది 30 లక్షల మైళ్ళు దాటింది. అంటే సుమారు 48 లక్షల కిలోమీటర్లు, చంద్రుడి దాకా ఆరుసార్లు వెళ్ళి వచ్చినంత దూరం! కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉన్నట్టు వేళకు సర్వీసు చేయించడమే ఆయన పాటించిన పద్ధతి. రెండోది మన హైదరాబాదుది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం చేసిన 1912 నాటి రోల్స్ రాయిస్. అది వచ్చేసరికి ఆయనే లేరు. నాలుగు వందల మైళ్ళు కూడా తిరగలేదంటారు. అయినా ఏళ్ళకేళ్ళు మూలపడి, చివరికి నిపుణుల చేతుల్లో పడ్డాకే మళ్ళీ మెరిసింది.

లక్షల మైళ్ళు తిరిగింది నిలిచింది, తిరగనిదాన్ని బతికించాల్సి వచ్చింది. మన్నిక ఉన్నది కారు వయసులోనూ కాదు, రేకు మందంలోనూ కాదు. దాన్ని చూసుకునే చేతుల్లో ఉంది. మీ ఇంట్లో పట్టా కప్పిన పాత బండి ఉంటే ఈ ఆదివారం పట్టా తీయండి. ఆయిల్ చూసి, టైర్లలో గాలి చూసి, ఊరి చివరి దాకా ఒకసారి తిప్పి రండి. వెళ్ళేటప్పుడు ఇంట్లో పిల్లల్నీ ఎక్కించుకోండి.