మూపురం లేని ఆవులు

“మూపురం ఏదిరా దీనికి?”

షికాగో నడిబొడ్డున, మిషిగన్ అవెన్యూ ఫుట్‌పాత్ మీద నిలబడి ఆ తల్లి కొడుకును అడిగిన మొదటి ప్రశ్న అది. 1999 జులైలో ఓ శనివారం. ఆమెకు 62 ఏళ్లు. ప్రకాశం జిల్లాలోని పల్లె నుంచి విమానమెక్కి వచ్చి అప్పటికి మూడు వారాలు. ఒంటి మీద నేత చీర, కాళ్లకు కోడలు కొనిచ్చిన బూట్లు. ఎదురుగా నిజం ఆవంత ఎత్తున ఓ బొమ్మావు. దాని ఒళ్లంతా పసుపుపచ్చని పూలు!

కొడుకు నవ్వేశాడు. “ఇక్కడి ఆవులకు మూపురం ఉండదమ్మా.”

“గంగడోలు కూడా లేదే...” అంటూ ఆమె దాని మెడ కింద చెయ్యిపెట్టి నిమిరింది. నలభై ఏళ్లుగా పొద్దున లేవగానే చేసిన పని అది. చెయ్యి దానంతటదే వెళ్లింది. వేలితో కొట్టి చూస్తే డబ్బాలా మోగింది. ఫైబర్‌గ్లాస్. లోపలంతా డొల్ల.

ఆ వేసవిలో షికాగో వీధుల్లో అలాంటి ఆవులు మూడొందలకు పైనే ఉన్నాయి. బ్యాంకుల ముందు, హోటళ్ల ముందు, పార్కుల్లో... ఎటు తిరిగితే అటు ఆవే.

జ్యూరిక్ నుంచి వచ్చాయి

ఈ సరదాకు పుట్టిల్లు స్విట్జర్లాండ్. 1986లో జ్యూరిక్ వ్యాపారులు వీధుల్లో రంగులేసిన సింహం బొమ్మల్ని నిలబెట్టారు. సింహం ఆ నగరానికి గుర్తు. 1998లో ఆవుల వంతు వచ్చింది. శిల్పి పాస్కల్ నాప్ మూడు అచ్చులు తయారు చేశాడు. నిలబడిన ఆవు, మేస్తున్న ఆవు, పడుకున్న ఆవు. ఆ అచ్చుల్లోంచి తీసిన ఎనిమిది వందలకు పైగా ఆవుల్ని కళాకారుల చేతికిచ్చి ‘ఇక మీ ఇష్టం’ అన్నారు.

షికాగోలో పీటర్ హానిగ్ అని ఓ చెప్పుల వ్యాపారి. ఆ ఏడాది కుటుంబంతో కలిసి జ్యూరిక్ వెళ్లాడు. పెద్దలూ పిల్లలూ ఆవుల చుట్టూ మూగడం చూశాడు. ‘మా ఊళ్లో ఎందుకు పెట్టకూడదు?’ అనుకున్నాడు. తిరిగి రాగానే నగర సాంస్కృతిక శాఖ కమిషనర్ లోయిస్ వైస్‌బర్గ్ చెవిన వేశాడు. ఆవిడ సై అంది. ఒక్కో ఆవు ఖర్చు ఒక్కో సంస్థ భరించింది. స్థానిక కళాకారులు కుంచెలు పట్టారు. 1999 జూన్‌లో ఆవులు వీధుల్లోకి వచ్చేశాయి. వాటి పేర్లలోనూ చమత్కారమే. పికాసో పేరులో ‘కౌ’ను ఇరికించి ఒకదానికి ‘పికౌసో’ అని పెట్టారు.

కొడుకు చేతిలో ఆవులు ఎక్కడెక్కడున్నాయో చెప్పే మ్యాపు. చూసిన ఆవుకల్లా పెన్నుతో టిక్కు పెట్టుకుంటూ నడుస్తున్నాడు. తల్లి మాత్రం రంగుల్ని పెద్దగా పట్టించుకోలేదు. “దీని పొదుగు చూడు, రెండో ఈతలో ఉన్నట్టుంది” అందొకచోట. “ఇది మేస్తోంది సరే, దీని మెడకు పలుపు ఎవరూ కట్టలేదే?” అంది మరోచోట. పక్కనున్న తెల్లవాళ్లు అర్థంకాకపోయినా ఆమె ముఖం చూసి నవ్వారు.

“అమ్మా, దాని మీద చెయ్యేసి నిలబడు, ఫొటో తీస్తా” అన్నాడు కొడుకు ఓ తెల్లావు దగ్గర. ఆమె చెయ్యి ఎత్తింది. కెమెరా క్లిక్కుమంది.

ఆమె మూపురం వెతకడంలో వింతేమీ లేదు. ఆమెది ఒంగోలు జాతి పుట్టిన గడ్డ. ఎత్తయిన మూపురం, వేలాడే గంగడోలు, పొట్టి కొమ్ములు, తెల్లని ఒళ్లు... ఆవంటే ఆమెకు అదే. ఆ జాతి సముద్రాలు దాటి బ్రెజిల్ వెళ్లి ‘నెలోర్’ అయింది. నెల్లూరు నుంచి వచ్చిన పేరది. ఇప్పుడు బ్రెజిల్ పశుసంపదలో పెద్ద వాటా ఆ నెలోర్ రక్తానిదే. తమాషా ఏమిటంటే, 2005లో ఇదే రంగుల ఆవుల పండగ బ్రెజిల్‌లోని సావో పాలోకు వెళ్లింది. పొలాల నిండా మూపురాలున్న ఆ దేశంలోనూ వీధుల్లో నిలబడింది మూపురం లేని స్విస్ ఆవే!

పాలమ్ముకునే మనిషి

మధ్యాహ్నానికి ముప్ఫై ఆవులు పూర్తయ్యాయి. బెంచీ మీద కూర్చుని పులిహోర తింటూ ఆమె అసలు ప్రశ్న వేసింది. “ఇంతకీ ఈ ఊరికీ ఆవుకూ ఏంటిరా సంబంధం?”

కొడుక్కి ఆఫీసులో ఓ షికాగో పెద్దాయన చెప్పిన కథ గుర్తొచ్చింది. కారెక్కించి డికోవెన్ వీధికి తీసుకెళ్లాడు. అక్కడ ఇప్పుడున్నది అగ్నిమాపక సిబ్బందికి శిక్షణ ఇచ్చే అకాడమీ. 1871లో అదే చోట క్యాథరిన్ ఓలియరీ అనే ఆవిడ ఇల్లు ఉండేది. ఐర్లాండ్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కుటుంబం. ఇంటి వెనక కొట్టం, అందులో ఆవులు. చుట్టుపక్కల ఇళ్లకు పాలు పోసేది.

ఆ ఏడాది అక్టోబరు 8 రాత్రి ఆ కొట్టం దగ్గర నిప్పు అంటుకుంది. అసలే వానల్లేని ఏడాది, కట్టె ఇళ్ల ఊరు, పైగా ఈదురుగాలి. రెండు రోజుల్లో నగరం నడిమధ్య భాగం బూడిదైపోయింది. సుమారు 300 మంది చనిపోయారు. లక్ష మంది నిలువ నీడ లేనివాళ్లయ్యారు. ‘పాలు పితుకుతుంటే ఆవు కాలితో లాంతరును తన్నింది’ అని పత్రికలు రాశాయి. ఆ సమయానికి తాను పక్క మీద ఉన్నానని ఆమె విచారణలో చెప్పినా జనం చెవికెక్కలేదు. ఆ కథ తాను కల్పించిందేనని మైకేల్ అహెర్న్ అనే విలేకరి 1893లో ఒప్పుకున్నాడు. అయినా నింద పోలేదు. 1895లో ఆమె చనిపోయింది. ఆమె తప్పూ, ఆమె ఆవు తప్పూ లేదని నగర మండలి తీర్మానం చేసింది 1997లో. అంటే, వీధుల్లోకి ఈ రంగుల ఆవులు రావడానికి రెండేళ్ల ముందు!

తల్లి ఆ కథంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది. “పాలమ్ముకునే మనిషికి కొట్టంలో దీపం ఎక్కడ పెట్టాలో తెలీకుండా ఉంటుందా?”

కొడుకు తలొంచుకున్నాడు. అతని ఇంజినీరింగ్ ఫీజులు కట్టింది పాల డబ్బులే.

రాతి ద్వారం

“అంతేనా, ఇంకేమైనా ఉందా?” అందామె. ఇంకొకటుంది. చూపించాలా వద్దా అని అతను తటపటాయించాడు. ఆమె పట్టుబట్టింది.

కారు నైరుతి దిక్కుగా కొన్ని మైళ్లు వెళ్లి ఓ పాత రాతి ద్వారం ముందు ఆగింది. గోడల్లేవు, కోటలేదు. ద్వారం ఒక్కటే మిగిలింది. మధ్య కమాను మీద రాతిలో చెక్కిన ఎద్దు తల. ఇది యూనియన్ స్టాక్‌యార్డ్స్ ముఖద్వారం. 1865 క్రిస్మస్ నాడు తెరిచిన ఈ పశువుల దొడ్డి 1971 దాకా నడిచింది. పశ్చిమాన ఉన్న మైదానాల నుంచి రైళ్ల నిండా పశువులు ఇక్కడికి వచ్చేవి. మాంసంగా మారి తిరిగి రైలెక్కేవి. 1900 నాటికి అమెరికాలో తినే మాంసంలో నాలుగింట మూడు వంతులకు పైగా ఇక్కడి నుంచే వెళ్లేదని లెక్క. పాతిక వేల మంది పనివాళ్లు. గొలుసుకు వేలాడుతూ కదిలే పశువు ముందు ఒక్కో మనిషి ఒక్కో కోత కోసేవాడు. ఆ పద్ధతిని చూసే కార్లను వరసలో బిగించే ఆలోచన వచ్చిందని హెన్రీ ఫోర్డ్ రాసుకున్నాడు. అక్కడి పనివాళ్ల బతుకు మీద 1906లో అప్టన్ సింక్లెయిర్ రాసిన ‘ది జంగిల్’ నవల దేశాన్ని కుదిపేసింది. ఆ ఏడాదే మాంసం తనిఖీ చట్టం వచ్చింది.

“ఇందులోంచి లోపలికెళ్లిన గొడ్లన్నీ...?”

“అవునమ్మా.”

ఆమె ఎద్దు తల వైపు చూస్తూ నిలబడిపోయింది. చాలాసేపటికి, కారెక్కాక, సీటు బెల్టు పెట్టుకుంటూ నెమ్మదిగా చెప్పింది.

“గౌరిని పిన్ని వాళ్లింట్లో కట్టేసొచ్చానని చెప్పాను కదా. అబద్ధంరా. అమ్మేశాను.”

కొడుకు కారు తాళం తిప్పలేదు.

గౌరి ఆ ఇంటి చివరి ఆవు. పన్నెండేళ్లది, ఏడు ఈతలు ఈనింది. అప్పటికి వట్టిపోయింది. కోడలికి పురుడు పొయ్యడానికి రమ్మని కొడుకు టిక్కెట్టు పంపాడు. ఆరు నెలలు వట్టిపోయిన ఆవును ఎవరు మేపుతారు? చెల్లెలికి మోకాళ్ల నొప్పులు. ఊళ్లో ఎవరూ ముందుకు రాలేదు. చివరికి పశువుల బేరగాడు వచ్చాడు. 3,500 రూపాయలిచ్చి తోలుకెళ్లాడు. “రైతుకే అమ్ముతానన్నాడు. నేనూ నమ్మాననుకున్నాను” అందామె. ‘నమ్మాను’ అనలేదు.

“నాకెందుకు చెప్పలేదమ్మా?”

“చెప్తే నువ్వు డబ్బు పంపుతానంటావు. గడ్డి కోసే మనిషిని పంపలేవుగా!”

కనిపించేవి... కనిపించనివి

షికాగో ఆవులు ఆ అక్టోబరు దాకా వీధుల్లో ఉన్నాయి. జనం విరగబడ్డారు. పర్యాటకుల వల్ల ఊరికి 20 కోట్ల డాలర్ల ఆదాయం వచ్చిందని నగర అధికారులు అంచనా వేశారు. ఇక మిగతా నగరాలు ఆగుతాయా? 2000లో సిన్సినాటి పందుల్ని పెట్టింది. ఒకప్పుడు పంది మాంసం వ్యాపారానికి పేరుపడి ‘పోర్కోపొలిస్’ అనిపించుకున్న ఊరది. టొరంటో దుప్పి జాతికి చెందిన మూస్‌ను ఎంచుకుంది. 2001లో బెర్లిన్‌కు ఎలుగుబంట్లు వచ్చాయి.

న్యూయార్క్ కూడా 2000లో ఆవుల్నే తెచ్చుకుంది. అక్కడే ఓ చిక్కు వచ్చిపడింది. సినీ దర్శకుడు డేవిడ్ లించ్ తల తెగిన ఆవును తయారు చేసి వెనక భాగంలో ఫోర్కులూ కత్తులూ గుచ్చాడు. నిర్వాహకులు ‘ఇది పెట్టం’ అన్నారు. జంతువుల హక్కుల సంస్థ ‘పెటా’ మాంసం దుకాణంలోలా ఒళ్లంతా ముక్కలుగా గీతలు గీసిన ఆవును ఇస్తానంది. దానికీ వద్దన్నారు. పెటా కోర్టుకెక్కినా లాభం లేకపోయింది. పిల్లలు చూసే పండగ కదా అన్నది నిర్వాహకుల వైపు మాట. అందులోనూ నిజం లేకపోలేదు. అయితే ఆవుకు రెక్కలు తగిలించొచ్చు, కళ్లజోడు పెట్టొచ్చు, అది చివరికి ఎటు వెళుతుందో మాత్రం చెప్పకూడదు!

పది లక్షల ఆవు

1999 నవంబరులో షికాగోలో ఆవుల్ని వేలం వేశారు. 140 ఆవులు వేలానికొచ్చాయి. ఒక్కోటి సగటున దాదాపు 25 వేల డాలర్లు పలికింది. ఒక ఆవైతే ఏకంగా 1,10,000 డాలర్లు! మొత్తం 35 లక్షల డాలర్ల దాకా వచ్చింది. అది సేవా సంస్థలకు వెళ్లింది.

కొడుకు పేపర్లో చదివి చెబుతుంటే ఆమె ఒళ్లో రెండు నెలల మనవరాలు. డాలరుకు 43 రూపాయల చొప్పున నోటితోనే లెక్క కట్టేసింది. “పది లక్షల పైమాటే” అంది. ఇంకేమీ అనలేదు. గౌరి ధర ఎంతో ఇద్దరికీ తెలుసు.

డిసెంబరులో ఊరికి తిరిగొచ్చాక ఆమె చేసిన మొదటి పని బేరగాడిని వెతుక్కుంటూ వెళ్లడం. సంతలో ఎవరికో అమ్మానన్నాడతను. ఆ ఎవరో ఎవరన్నది అతనికి గుర్తులేదు. మూడుసార్లు తిరిగి ఆమె ఊరుకుంది. కనుమ నాడు ఖాళీ కొట్టం అలికి, ముగ్గేసి, కట్టుగొయ్యకు పసుపు రాసి బొట్టు పెట్టింది. బతికున్నన్నాళ్లూ ప్రతి కనుమకీ అలాగే చేసింది.

ఆమె పోయి కొన్నేళ్లయింది. ఆనాటి ఫొటో పల్లెలోని ఇంటి గోడకు ఇంకా ఉంది. షికాగోలో పుట్టిన మనవరాలు చదువు పూర్తిచేసి ఆ ఇంటికి వచ్చినప్పుడు దాన్ని చాలాసేపు చూసింది. నానమ్మ నవ్వుతోంది. పక్కన తెల్లావు. కానీ నానమ్మ చెయ్యి ఆవు మీద లేదు. దాని భుజాలకు జానెడు ఎత్తున గాల్లో ఉంది.

“చెయ్యి అక్కడెందుకు పెట్టింది నాన్నా?” అని అడిగింది.

“మూపురం ఉండేది అక్కడేనమ్మా” అన్నాడతను.