సాగర్‌ ఉంటేనే మహల్‌!

నిజాముల భవనాలు అనగానే ఫలక్‌నుమా, చౌమహల్లా కళ్లముందు మెదులుతాయి. వాటి పక్కన పెడితే గండిపేట ఒడ్డునున్న సాగర్‌ మహల్‌ చిన్న ఇల్లే. ఏడో నిజాం మీర్‌ ఉస్మాన్‌ అలీ ఖాన్‌ వేసవి విడిది అది. దాని అందంలో సగం కట్టిన చోటులోనే ఉంది. ఎదురుగా కనుచూపు మేరా నీళ్లు మరి!

ఆ నీళ్ల వెనక ఓ విషాదం ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. వేలమందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడాది వచ్చిన ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య, వరదను ఎగువనే ఆపాలన్నారు. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌ సాగర్‌ పూర్తయింది. దాన్నే మనం గండిపేట చెరువంటాం. పూర్తి నీటిమట్టం 1790 అడుగులు, నిల్వ 3.9 టీఎంసీలు. ఈసీ నది మీద హిమాయత్‌ సాగర్‌ 1927లో వచ్చింది. వరదను ఆపడానికి కట్టిన చెరువులే తరాలపాటు నగరం దాహమూ తీర్చాయి. తన పేరు పెట్టిన ఆ చెరువును చూస్తూ సేదతీరడానికే నిజాం ఈ విడిది కట్టించుకున్నారు.

పాత ఇంటి గోడ పగిలితే సున్నంతో అతకొచ్చు. చెరువు ఎండితే?

గండిపేటకు నీళ్లు పైనున్న పల్లెల వాగుల్లోంచే రావాలి. అందుకే 1996లో 111 జీవో తెచ్చి, 84 గ్రామాల్లో భారీ కట్టడాలకు అడ్డుకట్ట వేశారు. జన్వాడ కూడా అందులో ఉంది. పక్క ఊళ్లలో భూములు కోట్లు పలుకుతుంటే తమకే ఎందుకీ కట్టుబాటన్నది అక్కడి రైతుల గోడు. అందులో న్యాయం లేకపోలేదు. నగరానికిప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లే ప్రధాన ఆధారమంటూ 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షల్ని ఎత్తేశారు. నీటి నాణ్యత మాత్రం చెడకూడదన్నారు.

2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లెత్తితే మూసీ మళ్లీ పొంగి, మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చేసింది. సరిగ్గా 117 ఏళ్ల కిందటి ఆ రోజుల్లోనే! తాగడానికి ఈ చెరువుల అవసరం తగ్గిందేమో కానీ, వరదకు తగ్గలేదు.

సాగర్‌ మహల్‌ గోడలకు రంగులేస్తే మంచిదే. అసలు మరమ్మతు మాత్రం జన్వాడ వాగుల దగ్గరే మొదలవ్వాలి. పేరులో ముందున్నది సాగరే కదా!